దేవుడి కుండ

మా అమ్మ వంటింట్లో రెండు బియ్యపు కుండలుండేవి. పెద్దది మాది. దాని పక్కన గోడవారగా ఒదిగి కూర్చున్న బుల్లి కుండ దేవుడిది.

పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ అందులోంచి ఓ గుప్పెడు తీసి బుల్లి కుండలో వేసేది. క్రైస్తవుల ఇళ్ళలో దీన్ని గుప్పెడు బియ్యం అంటారు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తీసుకెళ్ళి ఇస్తారు. మా ఊళ్ళో అయితే ఆరాధన కాగానే వేలం వేసి, వచ్చిన డబ్బు గుడి ఖర్చులకి జమకట్టేవారు. ఇదేదో మా ఊరి వింత అనుకునేరు! ఎక్కడో మిజో కొండల్లో కూడా 1910 నుంచీ ఆడవాళ్ళు ఇలాగే తీసిపెడుతున్నారు. 1912 నుంచి 1945లో కన్నుమూసేదాకా దోర్నకల్ బిషప్పుగా ఉన్న అజరయ్యగారైతే, దేవుడికివ్వడం గురించే ఒక పుస్తకం రాశారు.

అది 1959. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న పల్లెటూరి బడిపంతులు. ఆ నెల జీతం ఇంకా రాలేదు. శనివారం నాన్న జీతం కోసం బస్తీకి వెళ్ళాడు. రాత్రయినా రాలేదు. పెద్ద కుండ అడుగు గీకితే చప్పుడే తప్ప గింజ రాలలేదు. చెల్లాయి ఏడుపు లంకించుకుంది.

"అమ్మా, దేవుడి కుండలో ఉన్నాయిగా! ఇవాళ్టికి అప్పు తీసుకుందాం" అన్నాను.

అమ్మ ఆ కుండ మూత మీద చెయ్యి వేసింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. తీస్తుందనే అనుకున్నాను. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇవి మనవి కావురా నాయనా" అంది.

"దేవుడికి ఆకలేస్తుందా ఏం?" అని అరిచాను.

అమ్మ జవాబు చెప్పలేదు. ఉన్న కాస్త జొన్నపిండితో అంబలి కాచి మా ఇద్దరికీ పోసింది. తనకి మిగల్లేదు.

మర్నాడు గుళ్ళో మా బియ్యం కొలిస్తే రెండు మానికలయింది. వేలం మొదలయ్యేసరికి నాన్న దుమ్ముకొట్టుకున్న కాళ్ళతో తిన్నగా గుడికే వచ్చాడు. జీతం అందింది! రాగానే పాట అందుకున్నాడు. ఓ పొగాకు వ్యాపారి పోటీకి దిగాడు. ఇద్దరూ పంతానికి పోయారు. ఆఖరికి కొట్లో ధరకి రెట్టింపు పెట్టి నాన్నే పాడుకున్నాడు.

దారిపొడుగునా నాకు ఒళ్ళు మండిపోయింది. "మన బియ్యం మనమే కొనుక్కున్నాం! అదేదో రాత్రే తినుంటే పోయేదిగా!" అన్నాను.

"రాత్రి తినుంటే దొంగబియ్యం అయ్యేవి. ఇప్పుడు మనవయ్యాయి" అని నవ్వింది అమ్మ. ఇంటికి రాగానే ఎసరు పెట్టింది. ఆ బియ్యంలోంచి ముందుగా ఓ గుప్పెడు తీసి, బుల్లి కుండలో వేసింది.

పెద్దవాణ్ణయి ట్రెజరీలో గుమాస్తానయ్యాను. ముప్ఫయ్యేళ్ళకి పైగా ప్రభుత్వం సొమ్ము నా చేతుల మీదుగా నడిచింది. అందులో ఒక్క రూపాయి నాదనుకోలేదు. జీతం మాత్రం ముమ్మాటికీ నాదే అనుకున్నాను! దశమభాగం ఇవ్వాలంటే కోతలు పోకముందు లెక్కా, పోయాక లెక్కా అని కాగితం మీద కుస్తీలు పట్టేవాణ్ణి. ఏ లెక్క వేసినా తక్కువ వచ్చేదే సరైనదిగా తోచేది. బైబిల్లో గృహనిర్వాహకుడనే మాట ఉంది. యజమాని సొత్తు చూసిపెట్టేవాడని అర్థం. ఆఫీసులో ఆ ఉద్యోగం నమ్మకంగా చేశాను. ఇంట్లోనే చెయ్యలేకపోయాను.

ఇస్తే పదింతలై తిరిగొస్తుందని ఆశపెట్టేవాళ్ళూ ఉన్నారు. అలా ఇచ్చేది కానుకెలా అవుతుంది? వడ్డీవ్యాపారం అవుతుంది. యెరూషలేము దేవాలయంలో రెండు కాసులు వేసిన విధవరాలికి ఏం తిరిగొచ్చిందో సువార్తలో రాయలేదు. తనకున్నదంతా వేసిందని మాత్రం యేసు శిష్యులకు చూపించాడు.

అమ్మ పోయిన మూడోనాడు వంటింట్లోకి వెళ్ళాను. మట్టికుండ ఎప్పుడో పగిలిపోయి, దాని చోట సత్తు డబ్బా వచ్చింది. మూత తీశాను. సోలెడు బియ్యం. మంచం పట్టేముందు వరకూ వేసినవే.

ఆ ఆదివారం ఆ బియ్యం గుడికి నేనే మోసుకెళ్ళాను. వేలంలో ఎవరో పాడుకున్నారు. ఈసారి నేను పాడలేదు. ఇంటికొచ్చి ఖాళీ డబ్బా కడిగి, ఆరబెట్టి, మా ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ ఏమీ అడగలేదు. ఆ పూట ఎసట్లో బియ్యం పోసేముందు నన్ను పిలిచి, "మొదటి గుప్పెడు మీరే వెయ్యండి" అంది.