క్రెడిట్ వాళ్ళకి, డెబిట్ ఎవరికి?

"జనం చూస్తున్నారు, మేం చూపిస్తున్నాం." టి.వి. వార్తల్లో సెక్సు, సంచలనం ఎక్కువైపోయాయని ఎవరైనా అంటే ఛానళ్ళవాళ్ళు చెప్పే జవాబు ఇది. దీనికి మన పెద్దమనుషులు ఇచ్చే ఎదురు జవాబు, "సంస్కృతి పాడైపోతోంది" అని. మొదటిది వ్యాపారి మాట, రెండోది పురోహితుడి మాట. నాకు రెండూ నచ్చవు.

నేను గుంటూరులో బి.కాం. చదివి, ఢిల్లీ వచ్చి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఈ విషయాన్ని ఒక ఖాతాలాగా చూద్దాం. డబుల్ ఎంట్రీ పద్ధతిలో ఒకచోట క్రెడిట్ పడితే మరొకచోట డెబిట్ పడి తీరాలి. సంచలన వార్త వల్ల ఛానల్‌కి లాభం వస్తోంది, అది అందరికీ తెలిసిందే. మరి ఆ ఖర్చు ఎవరి పేరున రాస్తున్నారు? ఇదీ నా ప్రశ్న.

దీనికి నేను చూసినంతలో అన్నిటికన్నా స్పష్టమైన జవాబు ఢిల్లీలోనే, 2007లో దొరికింది.

ఆ ఏడాది ఆగస్టు 30న లైవ్ ఇండియా అనే హిందీ ఛానల్ ఒక 'స్టింగ్ ఆపరేషన్' ప్రసారం చేసింది. పాత ఢిల్లీలో ఒక ప్రభుత్వ బాలికల పాఠశాల. అక్కడ లెక్కల టీచరు ఒకావిడ తన దగ్గర చదువుకునే ఆడపిల్లల చేత వ్యభిచారం చేయిస్తోందని ఆ కథనం. రహస్య కెమెరాతో తీసిన మసక బొమ్మలు, వెనక భయపెట్టే సంగీతం, తెర అడుగున ఎర్ర అక్షరాలు. కొద్ది గంటల్లో స్కూలు ముందు జనం పోగయ్యారు. ఆవిడను కొట్టారు, బట్టలు చింపారు. అది కూడా కెమెరాల్లో పడింది, అదీ వార్తే అయింది! పోలీసులు ఆవిడను కాపాడి, తర్వాత అరెస్టు చేశారు. ఢిల్లీ ప్రభుత్వం ఉద్యోగం నుంచి తీసేసింది. విచారణ ఇంకా మొదలు కాలేదు. శిక్షలు మాత్రం మూడూ పడిపోయాయి. గుంపు శిక్ష, జైలు శిక్ష, ఉద్యోగ శిక్ష.

కొన్ని రోజులు గడిచాయి. పోలీసులు దర్యాప్తు చేస్తే కథ తలకిందులైంది. తెర మీద 'బాధిత విద్యార్థిని'గా కనిపించిన అమ్మాయి ఆ స్కూల్లో చదవడం లేదు. విలేకరి కావాలని ప్రయత్నిస్తున్న యువతి ఆమె. ఆ టీచరుతో డబ్బు తగాదా ఉన్న ఒక వ్యాపారి దీని వెనక ఉన్నాడని పోలీసులు చెప్పారు. స్టింగ్ చేసిన రిపోర్టరును అరెస్టు చేశారు. టీచరు బెయిల్ మీద బయటికి వచ్చింది, ఆ తర్వాత నిర్దోషిగా తేలింది. రిపోర్టరు మమ్మల్ని కూడా మోసం చేశాడని ఛానల్ యాజమాన్యం చెప్పుకుంది.

ఆగస్టు 31న మా ఆఫీసులో లంచ్ టైములో ఇదే చర్చ. "టి.వి.లో చూపించారు కదా సార్, కళ్ళతో చూశాం" అన్నాడు ఒక సహోద్యోగి. "మనం చూసింది వోచరా, ఎవరో తీసిన వోచర్ ఫోటోనా?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. అతను కూడా నాలాగే బిల్లులు చూసేవాడే. వంద రూపాయల టి.ఎ. బిల్లుకు టికెట్ నంబరు లేకపోతే వెనక్కి పంపేవాడు. అదే మనిషి ఒక ఆడమనిషి పరువు బిల్లును ఏ వోచరూ అడగకుండా పాస్ చేసేశాడు.

ఆ ప్రసారాన్ని మా టేబుల్ మీదకి వచ్చిన బిల్లు అనుకోండి. మేము అడిగే ప్రశ్నలు ఇవి:

ఒకటి, 'విద్యార్థిని' అంటున్న అమ్మాయి పేరు స్కూలు రిజిస్టరులో ఉందా?
రెండు, ఈ సమాచారం తెచ్చినవాడికి ఆ టీచరుతో పాత తగాదాలు ఏమైనా ఉన్నాయా?
మూడు, కత్తిరించని పూర్తి టేపును రిపోర్టరు కాక ఇంకెవరైనా చూశారా? కౌంటర్ సైన్ ఎవరిది?
నాలుగు, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి వివరణ తీసుకున్నారా?

ఇందులో మొదటి ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? స్కూలు దాకా ఆటో ఛార్జీ. అంతే! ఆ ఆటో ఛార్జీ మిగుల్చుకున్నందుకు ఒక మనిషి జీవితం ఖర్చయింది.

ఆ ఖర్చు ఆవిడ ఒక్కదానితో ఆగలేదు. మా ఆవిడ అప్పట్లో దక్షిణ ఢిల్లీలో ఒక స్కూల్లో సైన్సు టీచరు. చదువులో వెనకబడ్డ ఆడపిల్లలను నలుగురైదుగురిని సాయంత్రం పూట మా క్వార్టరుకి పిలిచి, డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పేది. ఆ వారం వాళ్ళ స్టాఫ్ రూములో టీచర్లు తమలో తామే అనుకున్నారు, ఇక ఆడపిల్లల్ని ఎవరూ ఇంటికి పిలవొద్దని. ఎవరూ ఆర్డరు వేయలేదు, కాగితం రాలేదు. ఒక పిల్ల తల్లి మా ఇంటికి వచ్చి, "మేడమ్ జీ, మీ మీద మాకు అనుమానం లేదు. గల్లీలో వాళ్ళు టి.వి. చూసి అడుగుతున్నారు" అని గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఆ ఏడు సైన్సులో తప్పింది. స్టింగ్ బూటకమని తేలాక కూడా మా ఇంట్లో ఆ సాయంత్రం క్లాసులు మళ్ళీ మొదలు కాలేదు. ఈ నష్టం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

మరి ఛానల్‌కి ఏమైంది? కేంద్ర సమాచార ప్రసార శాఖ 1995 నాటి కేబుల్ టి.వి. చట్టం కింద సెప్టెంబర్ 20 నుంచి నెల రోజులు ప్రసారం ఆపించింది. ఢిల్లీ హైకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుని, డిసెంబర్‌లో తీర్పు ఇస్తూ స్టింగ్ ఆపరేషన్లకు కొన్ని నియమాలు సూచించింది. నెల గడిచింది, ఛానల్ తిరిగి వచ్చింది. అదీ లెక్క.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. నేను సెక్స్ అనే మాట వింటే చెవులు మూసుకునేవాణ్ణి కాదు. హేతువాదులకు శరీరం పాపం కాదు. టి.వి.లో సెక్స్ గురించి డాక్టర్లు మాట్లాడాలి, అత్యాచారం గురించి, లైంగిక వేధింపుల గురించి దాచకుండా వార్తలు రావాలి. నా అభ్యంతరం వేరు. వార్తలో సెక్స్ కలిపితే చూసేవాడు ఆధారం అడగడం మానేస్తాడు. ఇది బాబాల పద్ధతే. బాబా ఒక చెయ్యి గాల్లో తిప్పుతుంటే భక్తులందరి కళ్ళూ ఆ చేతి మీదే ఉంటాయి, విభూతి ఉండ రెండో చేతిలోంచి వస్తుంది. ఛానల్ కూడా అంతే. మసక బొమ్మ మీద మన కళ్ళు నిలబెట్టి, రుజువు అనే చేతిని చూడనివ్వదు.

ఇది అబద్ధపు వార్తలకే కాదు, నిజమైన వార్తలకూ చేటు చేస్తుంది. 2001 మార్చిలో తెహల్కా వెబ్‌సైటు రక్షణ కొనుగోళ్ళ మీద చేసిన స్టింగ్ మీకు గుర్తుండే ఉంటుంది. రక్షణ శాఖ లెక్కల్లో ఉన్నవాణ్ణి, నాకు గుర్తులేకపోవడం ఎలా? అప్పటి బి.జె.పి. అధ్యక్షుడు, మన తెలుగువాడే అయిన బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు తీసుకుంటూ దొరికిపోయారు. ఆ టేపులు కోర్టులో నిలబడ్డాయి. 2012 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రత్యేక కోర్టు ఆయనకు నాలుగేళ్ళ శిక్ష వేసింది. అంటే రహస్య కెమెరా దానంతట అది చెడ్డది కాదు. కాని అదే స్టింగ్‌లో సైనికాధికారుల కోసం వేశ్యలను కూడా ఏర్పాటు చేశారని 2001 ఆగస్టులో బయటపడింది. ఇక కొంతకాలం చర్చంతా దాని చుట్టూనే తిరిగింది. ఏ ఆయుధానికి ఎవరు ఎంత తిన్నారన్న అసలు లెక్క పక్కకి పోయింది. ప్రజాధనం లెక్క కన్నా పడక గది కబురు ఎప్పుడూ రుచిగానే ఉంటుంది మరి!

మన తెలుగు ఛానళ్ళ సంగతి చూద్దాం. 2009 డిసెంబర్ 25న ఎ.బి.ఎన్. ఆంధ్రజ్యోతి ఛానల్ అప్పటి గవర్నర్ ఎన్.డి. తివారీ మీద వీడియో ప్రసారం చేసింది. హైకోర్టు ఆపమంది. ఆరోపణలను ఆయన ఖండించారు, మర్నాడే అనారోగ్య కారణమంటూ రాజీనామా చేశారు. రాజ్యాంగ పదవిలో ఉన్నవాడి నడవడి గురించి ప్రశ్నించే హక్కు ప్రజలకు ఉంది, నేను కాదనను. కాని అదే తివారీ గారి మీద ఢిల్లీ హైకోర్టులో ఒక యువకుడు 2008 నుంచి కేసు నడిపాడు, ఆయనే నా తండ్రి అని. ఆ కేసు రక్తపరీక్ష దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2012 జూలైలో డి.ఎన్.ఎ. ఫలితం చదివారు. ఆయనే తండ్రి. ఈ రెండింటిలో ఏది ఎక్కువమందికి గుర్తుంది? టేపే. ఏది రుజువైంది? నాలుగేళ్ళు పట్టిన డి.ఎన్.ఎ. నివేదిక. నిజం తేలడానికి టైము పడుతుంది. ఛానల్‌కి రాత్రి తొమ్మిది గంటల దాకానే టైము ఉంటుంది.

2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయ్‌లో చనిపోతే ఏం చేశారు? స్టూడియోల్లో స్నానపు తొట్లు పెట్టారు. ఒక తెలుగు రిపోర్టరు తొట్టిలో పడుకుని మరీ చూపించాడు! తర్వాత తొట్లు తీసేశారు గానీ, క్షమాపణ ఎవరూ చెప్పినట్టు నేను చూడలేదు.

2020లో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చనిపోయినప్పుడు ఇది ఇంకో మెట్టు దిగింది. అతని స్నేహితురాలు రియా చక్రవర్తి 'కాలా జాదూ' చేసిందని, అంటే చేతబడి చేసిందని, వార్తా ఛానళ్ళలో గంటల తరబడి చర్చలు! మన పల్లెల్లో బాణామతి నెపంతో ఆడవాళ్ళ పళ్ళు రాలగొట్టిన మూకల గురించి మనం ఎన్ని కరపత్రాలు వేశాం? ఇక్కడ అదే మూక కోటు, టై వేసుకుని కూర్చుంది. ఆ అమ్మాయి మాదకద్రవ్యాల కేసులో సుమారు నెల రోజులు జైల్లో ఉంది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఈ 'మీడియా విచారణ'ను తప్పుపట్టింది. 2025 మార్చిలో సి.బి.ఐ. సుశాంత్ మృతి కేసు మూసివేయమని నివేదిక ఇచ్చింది. అయిదేళ్ళు! క్రెడిట్ అయిదు రోజుల్లో పడింది, డెబిట్ అయిదేళ్ళు సాగింది.

ఛానళ్ళ సొంత నియంత్రణ వ్యవస్థ 2008లో ఏర్పడింది. 2023 నాటికి అది వేయగలిగిన జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఇది ఏ మూలకని అడిగింది, జరిమానా ఆ కార్యక్రమం మీద వచ్చిన లాభానికి తగినట్టు ఉండాలంది. లెక్కల మనిషిగా చెప్తున్నాను, దొంగతనం మీద వచ్చే లాభం కన్నా జరిమానా తక్కువైతే అది జరిమానా కాదు, లైసెన్సు ఫీజు.

"అయినా జనానికి కావలసింది అదే కదా!" అంటారు. కాదు. 2008 మార్చి 3న ఇండియా టి.వి.లో ఒక తాంత్రికుడు, మంత్రంతో మనిషిని చంపగలనని గొప్ప చెప్పాడు. హేతువాది సనల్ ఎడమరుకు, "నన్నే చంపు" అన్నాడు. తాంత్రికుడు మంత్రాలు చదివాడు, నీళ్ళు చల్లాడు, తల నొక్కాడు. సనల్ నవ్వుతూ కూర్చున్నాడు. ఛానల్ మిగతా కార్యక్రమాలు ఆపి మరీ దీన్ని గంటల కొద్దీ లైవ్‌లో సాగదీసింది, రాత్రి హోమం దాకా. సనల్‌కి ఏమీ కాలేదు. ఆ రాత్రి తెర మీద అర్ధనగ్న బొమ్మలు లేవు, ఎవరి పరువూ పోలేదు, తాంత్రికుడిది తప్ప! జనం కళ్ళు తిప్పుకోలేదు. ఎందుకు? ఒక మాట నిజమో కాదో కళ్ళ ముందే పరీక్షిస్తున్నారు కాబట్టి. పరీక్ష కన్నా ఉత్కంఠ ఏముంటుంది?

నేను కోరేవి రెండే. ఒకటి, తప్పుడు వార్త ఎన్ని నిమిషాలు, ఏ వేళ, ఎన్నిసార్లు వేశారో, సవరణ కూడా అన్ని నిమిషాలు, అదే వేళ, అన్నిసార్లు వేయాలి. రెండు, ఆ కార్యక్రమం మీద వచ్చిన ప్రకటనల డబ్బు నష్టపోయిన మనిషికి చేరాలి. ఛానల్‌ను మూసేసే అధికారం మాత్రం మంత్రుల చేతిలో పెట్టమని నేను అడగను. స్టింగ్ చేసేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోమనడం కూడా నాకు ఇష్టం లేదు. అలాంటి నియమమే ఉంటే 2001 నాటి లక్ష రూపాయల కట్ట మనకు కనబడేదే కాదు. అధికారం చేతికిస్తే వాళ్ళు ముందు నోరు మూయించేది నిజం చెప్పేవాడినే.

ఈ రెండూ చట్టం వల్ల కావాలి, ఎప్పటికవుతాయో తెలీదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. బాబా విభూతి తీస్తే "చొక్కా చేతులు మడిచి చూపించు" అంటాం. రేపు ఎవరో ఒక ఆడమనిషి బొమ్మ మసకగా చూపించి ఛానల్ కేకలు పెడితే ఆ మాటే అనండి. ఇంట్లో అనండి, ఆఫీసులో అనండి, వాట్సాప్‌లో ముందుకు తోసేముందు అనండి. వోచర్ లేని బిల్లు పాస్ చేయకండి. ఎందుకంటే ఆ డబ్బు కట్టేది మీరు కాదు, మీరెన్నడూ చూడని ఇంకెవరో.