పరిశోధన వ్యాసంలో ముందుగా ఏ పుట తెరవాలి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి నన్ను చూడవచ్చేవారు ఈ మధ్య మందుల చీటీతోపాటు ఫోనులో ఏదో ఒక వార్త కూడా చూపుతున్నారు. "శాస్త్రవేత్తలు తేల్చారట సార్!" అంటారు. ఎవరిని పరీక్షించి తేల్చారని అడిగితే మాత్రం జవాబుండదు.

గుండెకు స్టెంటు వేయించుకున్న కోదాడ రైతు ఒకరు ఆస్పిరిన్ మానేసి వచ్చారు. వృద్ధులకు దానివల్ల మేలు లేదనీ, రక్తస్రావం ఎక్కువనీ చదివారట. వార్త అబద్ధం కాదు. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఆస్ప్రీ పరిశోధన చెప్పింది ఇంచుమించు అదే. అయితే ఆ వ్యాసంలో 'పద్ధతులు' అనే భాగం తెరిస్తే, ఆస్ట్రేలియా, అమెరికా దేశాలలో పరిశీలించిన 19,114 మంది వృద్ధులూ అప్పటికి గుండెజబ్బు లేనివారని తెలుస్తుంది. మన రైతు ఆ కోవలోకి రారు. స్టెంటు ఉన్నవారు ఆస్పిరిన్ తమంతట తాము మానితే అందులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. గుండె వైద్యునితో ఫోనులో మాట్లాడించి, ఆ పూటే మళ్లీ మొదలుపెట్టించాను.

అందుకే సారాంశం చదివి ఊరుకోకుండా పద్ధతుల దగ్గరకు వెళ్లమంటాను. పరిశీలించినది మనుషులనా, ఎలుకలనా? ఎందరిని? ఎంతకాలం? ఎవరితో పోల్చారు? తరువాత అంకెలు. వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి తగ్గితే 'సగానికి తగ్గింది' అని రాయవచ్చు. అది తప్పూ కాదు. కానీ మందు మింగిన వెయ్యిమందిలో మేలు పొందినది ఒక్కరే. పత్రికలకు మొదటి వాక్యమే రుచిస్తుంది.

చివరనుండే 'చర్చ' భాగంలో రచయితలు కారణాలను ఊహిస్తారు. చూసినదానిని, ఊహించినదానిని వేరు చేయడమే అసలు కష్టం. ఇందుకు మన జిల్లా ఉదాహరణే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో, ఫ్లోరైడ్ ప్రాంతపు యువకులలో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వర్ణించారు. అది చూసిన విషయం. నాగార్జునసాగర్ వచ్చాక ఊటనీరు పెరిగి, నేల గుణం మారి, జొన్నలో మాలిబ్డినం హెచ్చి, ఒంట్లో రాగి తగ్గి అలా జరుగుతుండవచ్చునన్నది తరువాత వచ్చిన వివరణ. అందులో నింద కాలువ నీటి మీద లేదు.

మిర్యాలగూడ పెద్దమనిషి ఒకరు దానిని "సాగర్ నీళ్లు తాగితే కాళ్లు వంకరపోతాయి" అని అర్థం చేసుకుని, ఇంటిల్లిపాదికీ బోరు నీళ్లే పట్టిస్తున్నారు! నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దికీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది 1955లో. సాగర్ కాలువలకు నీరు వదిలింది 1967లో. ఈ రెండు సంవత్సరాలూ కాగితం మీద రాసి చూపాను. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండాలి, వేరే నీరు దొరకనిచోట 1.5 దాటకూడదు. బోరు నీటిని సీసాలో పట్టి పరీక్షకు ఇమ్మన్నాను. ఇచ్చారట, ఫలితం ఇంకా రాలేదు.