నాన్న కోసం కరెంటు బండి కొనాలనుకునే వాళ్లకు



ఎప్పుడూ మిరప ధరల గురించో, పత్తిలో గులాబీ పురుగు గురించో రాస్తుంటాను. ఈసారి బండి గురించి రాస్తున్నా. పోయిన నెలలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలుగురు ఫోన్ చేసి ఒకటే మాట అడిగారు. "అన్నా, మీ నాన్న కరెంటు బండి మీద పొలం పోతున్నాడంట గదా, ఏ బండి, ఎంతయింది?" అని. బండి పేరు చెప్పి ఊరుకుంటే మీకు ఉపయోగం లేదు. ఎందుకంటే మా ఇంట్లో ఇప్పుడున్నది రెండో బండి. మొదటి దాని మీద పోసిన అరవై ఎనిమిది వేలు పోయినట్టే లెక్క. డబ్బు సంగతి అలా ఉంచండి, దాని వల్ల మా నాన్న ఒక రాత్రి పడ్డ అవస్థ నేను మర్చిపోలేను. కొంచెం పెద్దగా ఉన్నా చివరిదాకా చదవండి.

మా నాన్నకు 72 ఏళ్లు. యాభై ఏళ్లు సైకిల్ మీదే పొలం పోయాడు. మధ్యలో కొన్నాళ్లు మోపెడ్ ఉండేది కానీ ఆయనకు సైకిలే ఇష్టం. మన పాత సైకిల్ మీద మనిషి ఎట్లా కూర్చుంటాడో గుర్తు చేసుకోండి. హ్యాండిల్ వెనక్కి వంగి మన దగ్గరికి వచ్చి ఉంటది. చేతులు చాచక్కర్లేదు, నడుం వంచక్కర్లేదు. అరుగు మీద కూర్చున్నంత నిటారుగా కూర్చుని, అటూ ఇటూ చేలు చూసుకుంటూ పోవచ్చు. అలవాటైన నడుం అది.

మూడేళ్ల కిందట మోకాళ్లు, ఆ తర్వాత నడుం పట్టేశాయి. సైకిల్ తొక్కొద్దన్నాడు డాక్టరు. నా గేర్ల బండి ఆయన వల్ల కాదు. బరువు, కిక్కు, పైగా ముందుకు వంగాలి. వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళితే గుంటల్లో నడుం అదిరిపోయేది. ఇసుక లారీలు తిరిగిన మన రోడ్ల సంగతి మీకు చెప్పాలా! దాంతో ఆయన పొలం రావడం మానేశాడు. రోజూ సాయంత్రం నేను ఇంటికి రాగానే "తడి ఎందాకా పారింది?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు అది కూడా అడగడం మానేశాడు. అప్పుడు నాకు భయమేసింది.

ఆ కంగారులో కొన్నదే మొదటి బండి. పాంప్లెట్ మీద "లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, 60 కిలోమీటర్లు" అని పెద్ద అక్షరాలతో ఉంది. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. ఏ బ్యాటరీ, ఎవరు బాగుచేస్తారు, నాన్న కాళ్లు కిందకు ఆనతాయా, ఇవేవీ అడగలేదు. నాన్నను షోరూముకు తీసుకుపోనే లేదు. ఆయన్ని సంతోషపెడదామని ఏకంగా బండిని ఇంటి ముందు దించాను.

అందులో ఉన్నవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. అంటే ట్రాక్టర్ బ్యాటరీ జాతివే, చిన్నవి ఐదు. వాటి బరువే ముప్పై కిలోలు దాటింది. మొదట్లో నలభై కిలోమీటర్లు వచ్చేది. ఒక్క ఎండాకాలం గడిచేసరికి పదిహేనుకు పడిపోయింది. షాపాయన "ఎండలకు అంతే అండీ, కొత్త సెట్టు వేయించుకోండి" అన్నాడు.

ఆ జులైలో ఒకరోజు వాన వెలిసాక నాన్న మిరప నారు చూడటానికి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు డొంకలో బండి ఆగిపోయింది. మన నల్లరేగడి తడిస్తే ఎట్లా ఉంటదో తెలుసు గదా. మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య మట్టి దట్టంగా పట్టేసి చక్రం తిరగలా. ఆయన ఫోన్ ఇంట్లోనే మర్చిపోయాడు. రాత్రి ఎనిమిదిన్నరకు టార్చి వేసుకుని వెళ్తే, సుబాబుల్ తోట పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బండి పక్కకు పడి ఉంది. "ఎత్తలేకపోయాన్రా అబ్బాయ్" అన్నాడు, ఆయనే ఏదో తప్పు చేసినట్టు. బండినీ తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. మర్నాటి నుంచి దాని జోలికి పోలేదు. కొన్నాళ్లకు నేను షాపు కాడికి పోతే అక్కడ టీ కొట్టు ఉంది.

రెండోసారి కొనేటప్పుడు ఐదు నెలలు తిరిగాను. ఈసారి నాన్నను వెంటబెట్టుకునే తిరిగాను. మేం చూసుకున్నవి ఒక్కొక్కటే చెప్తాను.

మొదట కూర్చునే తీరు. ఎక్కేవాళ్లను షోరూముకు తీసుకుపోండి. పది నిమిషాలు దాని మీద ఊరికే కూర్చోబెట్టండి. రెండు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, మునివేళ్లు కాదు. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలి, వీపు నిటారుగా ఉండాలి. కాలు ఎత్తి వెనక నుంచి తిప్పే పని లేకుండా ముందు నుంచే ఎక్కి దిగాలి. ఆ తర్వాత బండిని వాళ్ల చేతే వెనక్కి నెట్టించండి, స్టాండు వేయించండి. మేం ఇదంతా చేస్తుంటే సేల్స్ కుర్రాడు విసుక్కున్నాడు. అయినా సరే చేయించండి.

కరెంటు సైకిళ్లు కూడా చూశాం. తొక్కుతుంటే మోటారు సాయం చేసే రకం ఇవి. నడుం బాగుండి మోకాళ్లు మాత్రమే నొప్పి ఉన్నవాళ్లకు మంచివే. కానీ మేం చూసిన వాటిలో ఎక్కువ భాగం కుర్రాళ్ల కోసం చేసినవి. హ్యాండిల్ తిన్నగా, సీటు కంటే కిందకు ఉంటది. నాన్న ఎక్కి కూర్చోగానే "ఇదేందిరా, నాట్లేసే వాళ్ల మాదిరి వంగాలా?" అన్నాడు. మధ్య కడ్డీ లేని సైకిల్ ఒకటి ఆయనకు బాగా సరిపోయింది. కానీ "ఆడపిల్లల సైకిల్ మీద ఊళ్లో తిరగమంటావా" అని దిగిపోయాడు. నేను వాదించలా. మనిషికి ఇష్టం లేని బండి ఎంత మంచిదైనా వసారాలోనే ఉంటది.

రెండోది చక్రం. ఈ మధ్య ఎక్కువగా అమ్ముడుపోయే చేతక్, ఐక్యూబ్ లాంటి స్కూటర్లకు 12 అంగుళాల చక్రాలు. తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద హాయిగా పోతాయి. సీటు మీద నిటారుగానే కూర్చోవచ్చు. ఊళ్లో, నందిగామ పనులకు తిరిగేవాళ్లకు అవి చాలు. డొంకలోకి దిగాలంటే మాత్రం పెద్ద చక్రం కావాలి. చిన్న చక్రం గుంటలో దిగిపోద్ది, పెద్ద చక్రం దాని మీదుగా దాటుద్ది. మనోళ్లు మోపెడ్లను వదలకపోవడానికి కారణం ఇదే. 1972లో వచ్చిన లూనా సంగతి నలభై దాటిన వాళ్లకు చెప్పక్కర్లేదు. అదే పేరుతో 2024 ఫిబ్రవరిలో ఈ-లూనా అని కరెంటు మోపెడ్ వచ్చింది. 16 అంగుళాల చక్రాలు, 2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. ఒక చార్జింగుకు 110 కిలోమీటర్లు, 150 కిలోల బరువు మోస్తుందని కంపెనీ లెక్క. ఇది ప్రకటన కాదు, ఆ ఆకారం ఎట్లా ఉంటదో చెప్పడానికి ఉదాహరణగా రాశా. కాళ్ల ముందు ఖాళీ ఉందా, అక్కడ యూరియా కట్ట నిలబడుద్దా, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య రెండు వేళ్లయినా సందు ఉందా, ఈ మూడూ చూసుకోండి.

మూడోది బ్యాటరీ. కిలోవాట్ అవర్ అంటే భయపడొద్దు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే అదే. 2 కిలోవాట్ అవర్ల బ్యాటరీలో రెండు యూనిట్ల కరెంటు పడుద్ది. కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో మా రోడ్ల మీద మాకు మూడింట రెండు వంతులు వస్తున్నాయి. మీరూ అట్లాగే లెక్కేసుకోండి. లెడ్ యాసిడ్ జోలికి పోవద్దు, లిథియమే తీసుకోండి. అందులోనూ ఎల్‌ఎఫ్‌పీ అనే రకం కొంచెం బరువు ఎక్కువైనా వేడికి బాగా తట్టుకుంటది. మే నెలలో మన నందిగామ ఎండ సంగతి తెలుసు గదా, అందుకే చెప్తున్నా. వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, వారంటీ అయిపోయాక కొత్త బ్యాటరీ ఎంత, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. నోటి మాట నమ్మొద్దు.

భయం గురించి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. ఆ ఏడాది దేశంలో ఇట్లాంటివి చాలా జరిగాయి. అందుకే కేంద్రం ఏఐఎస్-156 అనే బ్యాటరీ పరీక్షల నిబంధనలను గట్టిగా చేసింది. మొదటి విడత 2022 డిసెంబరు నుంచి, రెండో విడత 2023 మార్చి చివర నుంచి అమల్లోకి వచ్చాయి. కాబట్టి అంతకు ముందు తయారైన పాత సరుకు తక్కువకు వస్తుందన్నా తీసుకోవద్దు. తయారీ నెల చూడండి.

ఇంట్లో మేం పాటించేవి ఇవి. పడుకునే గదిలో చార్జింగ్ పెట్టం, వసారాలోనే పెడతాం. ఎండలో తిరిగొచ్చిన బండికి అరగంటయినా చల్లారాకే వైరు తగిలిస్తాం. కంపెనీ ఇచ్చిన చార్జర్ తప్ప వేరేది వాడం. ప్లగ్గు పెట్టే సాకెట్‌కు ఎర్తింగ్ వేయించాం. పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర నుంచి వైరు లాగి చార్జింగ్ పెడుతున్న వాళ్లను చూశాను. దయచేసి అట్లా చెయ్యొద్దు. అక్కడ ఓల్టేజీ నిలకడగా ఉండదు, తడి నేల. ఇంకోటి, వానకు తట్టుకోవడం వేరు, వరదలో మునగడం వేరు. 2021 ఆగస్టులో మన చెవిటికల్లు ఇసుక రీచ్‌లో వందకు పైగా లారీలు చూస్తుండగానే వరదలో చిక్కుకుపోయాయి. ఏటి ఒడ్డున పొలాలున్న వాళ్లు బండిని ఎప్పుడూ మెరక మీదే పెట్టండి.

నాలుగోది సర్వీసు. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. పెట్రోలు బండి ఆగితే మన ఊరి మెకానిక్కే చూస్తాడు. కరెంటు బండిలో పంక్చరు, బ్రేకు తప్ప మిగతావి ఆయన చేతిలో ఉండవు. కాబట్టి నందిగామ, జగ్గయ్యపేట, విజయవాడ, ఎక్కడ సర్వీసు సెంటరు ఉందో కళ్లారా చూసి రండి. షోరూము ముందు కాదు, సర్వీసు షెడ్డు ముందు అరగంట నిలబడండి. అక్కడికి బండి తెచ్చుకున్న వాళ్లను అడగండి, విడి భాగం రావడానికి ఎన్ని రోజులు పట్టిందని. నాకు నిజం తెలిసింది అక్కడే. నేను మనసుపడ్డ ఒక బండిని ఆ అరగంటలోనే వదిలేసుకున్నా.

డబ్బు లెక్క. మా నాన్న రోజుకు పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు, ఐదు రోజులకు అరవై. పెట్రోలు మోపెడ్ లీటరుకు యాభై ఇచ్చినా నూట ముప్పై రూపాయలు. కరెంటుకు, యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా, పదిహేను. ఏడాదికి ఎనిమిది వేలు మిగులుద్ది. మంచి డబ్బే, కానీ "ఏడాదిలో బండి ఖరీదు తిరిగొచ్చుద్ది" అనే మాట నమ్మకండి. ప్రభుత్వ రాయితీ కూడా తగ్గుతూ వచ్చింది. పీఎం ఈ-డ్రైవ్ కింద 2025 ఏప్రిల్ నుంచి కిలోవాట్ అవర్‌కు 2,500 చొప్పున, ఎక్కువలో ఎక్కువ 5,000 రూపాయలే చేశారు. అదీ రిజిస్ట్రేషన్ అయ్యే లిథియం బండ్లకే.

ఇక లైసెన్సు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించితే రెండూ కావాలి. మేం రెండోసారి తీసుకున్నది పెద్ద చక్రాల మోపెడ్ రకం, రిజిస్ట్రేషన్ బండి. ఇన్సూరెన్సు ఉంటది, తడి డొంకలో లాగే బలం ఉంటది. హైవే ఎక్కకూడదని మాత్రం ఒప్పందం. నాన్న పాత లైసెన్సు ఎప్పుడో చెల్లిపోయింది. మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలుపెట్టాలన్నారు, డాక్టరు సర్టిఫికెట్ కూడా కావాలన్నారు. 72 ఏళ్ల మనిషి పరీక్ష రాస్తాడా, వద్దులే అనుకున్నా. ఆయన మాత్రం తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రాత్రిళ్లు రోడ్డు గుర్తులన్నీ నేర్చుకున్నాడు. వాడు ఫోన్లో బొమ్మ చూపించడం, ఈయన చెప్పడం. కంప్యూటర్ పరీక్షలో మొదటిసారే పాసయ్యాడు. నెల దాటాక బండి నడిపి చూపించి లైసెన్సు తెచ్చుకున్నాడు.

యాభై ఐదు దాటిన వాళ్లకు ఐదేళ్లకే ఇస్తారు. కార్డు మీద తేదీ చూసి, "అంటే డెబ్బై ఏడు దాకా పొలం పోవచ్చన్నమాట" అన్నాడు.

ఇప్పుడు పొద్దున ఆరింటికే పోతున్నాడు. చీకటి పడకముందే రావాలని, ఫోన్ జేబులో ఉండాలని అమ్మ షరతు పెట్టింది. సాయంత్రం నేను వచ్చేసరికి తడి ఎందాకా పారిందో ఆయనే నాకు చెప్తున్నాడు. నేను కట్టిన మడవ సరిగా లేదని రెండుసార్లు తిట్టాడు కూడా.

మీ ఇళ్లలో కరెంటు బండి వాడుతున్న పెద్దోళ్లు ఉంటే, ఎన్నేళ్లయింది, బ్యాటరీ ఎట్లా ఉంది, సర్వీసు ఎక్కడ చేయిస్తున్నారో కింద రాయండి. కొనబోయే వాళ్లకు పనికొస్తుంది. ఉంటాను.