వెళ్ళకపోతే బాగుండదు

టోక్యో వచ్చిన కొత్తలో ఓ ఆఫీసు కౌంటర్ ముందు అరగంట సేపు బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. నేనిచ్చిన కాగితాలను కౌంటర్లో ఆవిడ రెండు చేతులా అందుకుని, తిరగేసి చూసి, నడుం వంచి "ఉకెకనెమాసు" అంది. 'ఉకెరు' అంటే స్వీకరించడం. చివర 'మాసు' ఉంది. కాదనాలంటే 'మసెన్' అనాలి కదా, ఆ మాత్రం జపనీసు నాకూ వచ్చు. పని అయిపోయిందనుకుని ఆవిడకి కృతజ్ఞతలు చెప్పుకుని మరీ కూర్చున్నాను. ఆవిడ మధ్యమధ్యలో నావైపు చూసి ఇంకాస్త వంగుతోంది. ఎంత మర్యాద అనుకున్నాను!

మర్నాడు మా ఆఫీసులో ఒకాయన నవ్వాపుకుంటూ చెప్పాడు. క్రియకి 'కనెరు' తగిలిస్తే 'చెయ్యలేం' అని అర్థమట. చూడ్డానికి అవును, లోపల కాదు. పైగా దానికి 'నై' అనే కాదు చేరిస్తే 'కనెనై' అవుతుంది. అప్పుడు 'జరిగినా జరగొచ్చు' అని అర్థం, అదీ చెడు విషయాలకే. ప్రమాదం జరిగినా జరగొచ్చు అన్నట్టు. ఇంతకీ ఆవిడ నాకు చెప్పింది, "మీ కాగితాలు తీసుకోలేం" అని.

నేనుండేది నిషికసాయ్‌లో. కూరగాయల కొట్టు దగ్గర నిలబడితే ఏదో ఒక భారతీయ భాష చెవిన పడే పేట. అక్కడే ఆదివారాలు భాష నేర్చుకునేవాణ్ణి. 'మిన్నా నో నిహొంగొ' పుస్తకంలో 17వ పాఠం దగ్గర బండి ఆగిపోయింది. 'ఇకనకెరెబ నరనై' అంటే 'వెళ్ళి తీరాలి' అని. ఇంగ్లీషు అర్థం పక్కన రాసుకుని బట్టీ పట్టాను. నోట్లోంచి ఊడిపడేది కాదు. ఒక్క 'మస్ట్' అనే ముక్కకి ఇంత తోకెందుకని చిరాకు.

ఒకరోజు పొద్దున్నే తోజాయ్ లైను రైల్లో, నలుగురి మధ్య ఊరగాయలా నలుగుతూ, "వెళ్ళక తప్పదు కదా" అని తెలుగులోనే గొణుక్కున్నాను. అప్పుడు వెలిగింది. వెళ్ళక, తప్పదు. రెండు కాదులు. 'ఇకనకెరెబ' అంటే వెళ్ళకపోతే, 'నరనై' అంటే అవదు. ఇన్నాళ్ళూ ఇంగ్లీషు గుమ్మంలోంచి దూరాలని చూశాను కానీ మా ఇంటి పెరటి తలుపు తీసే ఉంది. మాటల్లో వాళ్ళు రెండో సగం మింగేసి 'ఇకనక్యా' అంటారు. మా అమ్మమ్మా అంతే, "వెళ్ళకపోతే మరీ..." అని అక్కడే వదిలేసేది.

'సెజు ని వా ఇరరెనై' అయితే ముక్కకి ముక్క మనదే: చెయ్యకుండా ఉండలేను. 'షికత గా నై' అంటే చేసే విధం లేదు. అంటే మన 'ఏం చేస్తాం'.

ఈ 'ఏం చేస్తాం' దగ్గర మాత్రం నాకు ముచ్చట తగ్గుతుంది. దాని పెద్దన్న 'యము ఒ ఎనై', అనివార్యం అని. 1975 అక్టోబరు 31న విలేకరులు హిరోషిమా అణుబాంబు గురించి అడిగితే, హిరోహితో చక్రవర్తి అక్కడి ప్రజల మీద జాలి చూపిస్తూనే, యుద్ధకాలం కనుక అది 'యము ఒ ఎనై' అన్నారు. బాంబు వేసిందెవరు, యుద్ధానికి దిగిందెవరు? ఆ మాటలో ఏ కర్తకీ చోటు లేదు. మన 'తప్పదు'లోనూ లేదనుకోండి. తప్పదనేది ఎవరు? ఎవరూ కారు.

చివరిదాకా కొరుకుడు పడనిది 'వాకె ని వా ఇకనై'. చెయ్యగలం, చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి, కానీ చెయ్యకూడని సందర్భం. ఎన్ని ఉదాహరణలిచ్చినా నా బుర్రకెక్కలేదు. నిరుడు అమ్మ ఫోన్ చేసింది, పిన్ని కూతురి పెళ్ళి. "ఆఫీసులో కుదరదే" అన్నాను. "కుదరకపోవడమేంట్రా? నువ్వు రాకపోతే బాగుండదు. పిన్ని ఏమనుకుంటుంది?" అంది.

బాగుండదు! అమ్మ ఒక్క ముక్కలో పాఠం చెప్పేసింది.

ఆ వారమే మా ప్రాజెక్టు రిలీజు. భయపడుతూనే మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చి "ఆ వారం చొత్తో..." అని ఆపాడు. చొత్తో అంటే 'కొంచెం'. కొంచెం అని ఆపేస్తే బొత్తిగా కుదరదని. నేను ఊపిరి బిగపట్టి అన్నాను, "ఇకనై వాకె ని వా ఇకిమసెన్." వెళ్ళకపోతే బాగుండదండీ.

ఆయన నా ముఖం చూశాడు. గోడమీద క్యాలెండర్ చూశాడు. మళ్ళీ గాలి పీల్చాడు.

"షికత గా నై నే" అన్నాడు.