పెట్టె మీది మూడక్షరాలు

ఆవకాయ, కందిపొడి, సున్నుండలతో రెండు పెట్టెలూ నిండాయి. ఆమెకదే మొదటి విమాన ప్రయాణం. ఇంగ్లీషు రాదు. డల్లాస్ నుంచి కొడుకు ఫోన్లో ఒకటే జాగ్రత్త చెప్పాడు. ''అమ్మా, పెట్టెకి కట్టే చీటీ మీద పెద్దక్షరాలతో డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో చూసుకో. మధ్యలో విమానం మారే ఊరి అక్షరాలు కూడా ఉంటాయి, కంగారుపడకు.'' డీ డల్లాస్‌ది, మిగతా రెండూ పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌వి. రెండు ఊళ్లకీ ఉమ్మడి విమానాశ్రయం మరి! మేనకోడలు ఆ మూడూ కాగితం మీద రాసిచ్చింది. శంషాబాద్ కౌంటర్ దగ్గర ఆమె ఆ కాగితాన్నీ చీటీనీ పక్కపక్కన పెట్టి, ముగ్గులు పోల్చుకున్నట్టు పోల్చుకుంది. అప్పుడుగానీ ఆమె మనసు కుదుటపడలేదు.

ఆ భయం ఉత్తదేం కాదు. సిడ్నీ ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోనూ ఉంది. మొదటిదానికి బయల్దేరి రెండోదాంట్లో దిగినవాళ్లూ ఉన్నారు. ఊరి పేరు చూశారే తప్ప గుర్తు చూడలేదు. ఆస్ట్రేలియాది ఎస్‌వైడీ, కెనడాది వైక్యూవై. ఈ గుర్తులిచ్చేది అంతర్జాతీయ విమాన రవాణా సంఘం. తొలిరోజుల్లో అమెరికాలో వాతావరణ కేంద్రాల రెండక్షరాల గుర్తులనే విమానాలకీ వాడుకున్నారు. అవి చాలక మూడో అక్షరం చేర్చారు. లాస్‌ఏంజెలిస్ ఎల్‌ఏకి ఎక్స్ తోకలా తగులుకున్నది అలాగే. మూడక్షరాలతో 17,576 గుర్తులు రాయొచ్చు.

ఊరి పేరు మారినా గుర్తు మారడం అరుదు. లెనిన్‌గ్రాడ్ 1991లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అయినా చీటీ మీద ఎల్ఈడీయే. 1995లో ముంబై అయిన బొంబాయి ఇంకా బీఓఎమ్మే. హైదరాబాద్ కథ వేరు. ఆమె 2006లో కొడుకుని సాగనంపింది బేగంపేట నుంచి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి తరలినప్పుడు హెచ్‌వైడీ కూడా వాటి వెంటే వెళ్లిపోయింది. అద్దె ఇల్లు మారేవాళ్లు పేరుపలక ఊడదీసుకుపోయినట్టు! బేగంపేటకి బీపీఎం అని కొత్తది ఇచ్చారు.

ఆర్నెల్లు గడిచాయి. తిరుగు ప్రయాణానికి ''కాగితం రాసివ్వనా?'' అన్నాడు కొడుకు. అక్కర్లేదంది. డల్లాస్ కౌంటర్ దగ్గర చీటీ మీద వేలుపెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంది. హెచ్... వై... మూడోదాని దగ్గర ఆగింది.

''ఇది మీ ఊళ్లోదే కదరా!''