వీపు మీద పడవ

తుంగభద్ర దాటించే పుట్టివాడు, ఒడ్డు చేరాక పుట్టిని తలమీద బోర్లించుకుని నడిచిపోవటం మీలో కొందరు చూచే ఉంటారు. అమెరికాలోని అలాస్కాలో వీపు సంచిలో ఇమిడే రబ్బరులాటి పడవలున్నాయి. గాలి తీసి చుడితే బరువు 3, 4 కిలోలే! 1982లో అక్కడ జరిగిన నడక పందెంలో 55 ఏళ్ల డిక్ గ్రిఫిత్ నది ఒడ్డున సంచి విప్పి, పడవలో గాలి నింపి, తోటివారు చూస్తుండగా దాటిపోయాడు.

ఇప్పుడు చిన్నపిల్లలున్న కుటుంబాలు కూడా కొండదారిన నడిచి, కాళ్లు నొచ్చే వేళకు పడవ ఎక్కుతున్నాయి. అయితే అక్కడి నదులెన్నో కరిగిన మంచునీళ్లే. అందుకని అందరూ లైఫ్ జాకెట్లు, వెచ్చని బట్టలు తొడుక్కోవాలి.

నదిలో చెట్టు అడ్డంగా పడి ఉంటే? నీరు కొమ్మల సందున పోతుంది గాని, పడవ ఇరుక్కుపోతుంది. కనుక దూరాన్నే ఒడ్డుకు చేరి, పడవను మోసుకుని నడవాలి. మోయగల పడవ గొప్ప అదే!