పోగు తెగితే తెలియాలి

శనివారం సాయంత్రం బెంగళూరులో ఎక్కిన రైలు హిందూపురం దాటింది. పెనుకొండ కోట ఉన్న కొండ కనిపించే వేళకి ఆమె లాప్‌టాప్ తెరిచింది. ధర్మవరం చేరేలోపు ఒక పని ముగించాలి. ఆ పని వెనక ఓ పెళ్లిచీర కథ ఉంది.

నేత కుటుంబంలో పుట్టి సాఫ్ట్‌వేర్ ఇంజినీరైన ఆమె, నాన్న మగ్గాల కోసం సొంతంగా చిన్న ప్రోగ్రాం రాసింది. ఎవరైనా చీర ఆర్డరిస్తే డబ్బు జమైందా? పట్టు నిల్వ ఉందా? ఏ మగ్గం ఖాళీ? ఆఖరున కొన్నవాళ్లకి కబురు. ఇవేవీ వెంటనే తేలేవి కావు. అందుకే జావాస్క్రిప్ట్‌లో ‘నీ పనయ్యాక దీన్ని పిలువు’ అని చెప్పి ముందుకెళతారు. అదే కాల్‌బ్యాక్. ఒకదాని కడుపులో ఒకటి, దానిలో ఇంకొకటి... వాక్యాలు మెట్లుమెట్లుగా కుడివైపుకి జరిగిపోయాయి. తప్పు జరిగిందేమో ప్రతి మెట్టు దగ్గరా విడిగా చూసుకోవాలి. మూడో మెట్టు దగ్గర ఆమె మరిచింది.

అంతే! ఓ పెళ్లివారి డబ్బు జమైంది. మగ్గం కేటాయించే చోట లోపమొచ్చి పని ఆగింది. ఎవరికీ కబురు లేదు. ముహూర్తం పదిహేను రోజులుందనగా వాళ్లు ఫోన్ చేస్తేగానీ విషయం బయటపడలేదు. అమ్మా నాన్నా వంతులేసుకుని రాత్రీపగలూ నేశారు. పెళ్లికి ముందురోజు చీర చేరింది. నాన్న ఒక్క మాటే అన్నాడు: ‘పోగు తెగడం తప్పు కాదు పాపా. తెగినట్టు తెలీకపోవడమే తప్పు.’

ఆ మాటే ఆమెను ప్రామిస్‌ల దారి పట్టించింది. ఆలోచన పాతదే. బార్బరా లిస్కోవ్, లియుబా ష్రీరా 1988లోనే ఓ పరిశోధన పత్రంలో వివరించారు. జావాస్క్రిప్ట్ ప్రమాణాల్లోకి 2015లో వచ్చింది. ప్రామిస్ అంటే చీటీ లాంటిది. పని అప్పగించగానే చేతికొస్తుంది. ఫలితం ఇంకా రాలేదు, వచ్చింది, ఇక రాదు... ఈ మూడింట్లో ఒకటి దాని స్థితి. ఒకసారి తేలాక మారదు. ‘దెన్’ అంటూ ఒకదాని తర్వాత ఒకటి ముడేసుకుంటూ పోవచ్చు. ఎక్కడ తెగినా, చివరనున్న ఒక్క ‘క్యాచ్’ దగ్గరికే కబురొస్తుంది.

మర్నాడు పొద్దున నాన్న తెర చూశాడు.

‘మెట్లన్నీ ఏమైనాయి పాపా?’

‘వరసగా కట్టినా నాయనా. పాత పడుగు కొసలకి కొత్త పోగులు కలుపుతావే, అట్లా.’

పరీక్షించాలని ఏ మగ్గమూ ఖాళీ లేనట్టు పెట్టింది. అయినా ‘మీ చీర మగ్గమెక్కింది’ అని ఆమె ఫోన్‌కి కబురొచ్చింది! గుండె గుభేలుమంది. వెతికితే మూడో ముడి దగ్గర ‘రిటర్న్’ అన్న ఒక్క మాట లేదు. అది లేకపోతే తర్వాతి పని దీనికోసం ఆగదు. ఇక్కడి తప్పు క్యాచ్ దాకా చేరదు. కలపకుండా వదిలేసిన పోగన్నమాట.

మాట చేర్చి మళ్లీ నడిపింది. ఈసారి నాన్న ఫోన్ మోగింది: ‘మగ్గం కేటాయించలేదు. చూడండి.’

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

‘ఆ... ఇప్పుడు తెలిసింది’ అంటూ మగ్గం గుంతలోకి దిగాడు.